కాగితంలో లేని మాట

మాఘ బహుళ పంచమి, గురువారం

చిత్రభాను సంవత్సరం. ఇంగ్లీషు లెక్కల 1943 ఫిబ్రవరి. లడాయి అయిపోయేదాక కిరసనాయిలు గింతే దొరుకుతదంట. అందుకని పొద్దుండంగనే రాస్తున్న.

ఇయ్యాల పెద్ద ఠాణా నుంచి గుర్రం మీద మనిషి వచ్చిండు. ఉర్దూల కాగితం. మొన్న మంగళవారం జములమ్మ జాతరల మూడేండ్ల ఆడపిల్ల తప్పిపోయింది. పేరు గౌరవ్వ. తల్లిదండ్రులు రాయచూరు దిక్కోళ్ళు. పిల్లకు తెలుగు రాదు, కన్నడం మాట్లాడుతది. ఎర్ర లంగ, ఎడమ కాలికి నల్లదారం, దారానికి ఒక గవ్వ. ఎవరికన్న కనపడితే భద్రంగ చూసుకొని దగ్గరున్న చౌకీకి తేవాలె. కృష్ణ రెండు ఒడ్ల ఊర్లల్ల దండోరా ఏయించాలె.

మా గుండ్లరేవు చౌకీ కింద ఏడూర్లు. మేము ముగ్గురం. జమాదారు దస్తగీర్ సాబ్, జవాను మల్లేశ్, రాతకోతలకు నేను. ఊరోళ్ళు నన్ను మున్షీ అంటరు. జమాదారు చదువుకోలేదు, దస్కత్ మాత్రం చేస్తడు. కాగితం నేను చదివి చెప్పంగ విని, "కురుమూర్తీ, దండోరా మాట తెలుగుల కట్టు. ఉన్నది ఉన్నట్టు కట్టు బేటా" అన్నడు.

ఉన్నది ఉన్నట్టు కడితే ఎవరింటరు? జాతరల పిల్లలు తప్పిపోవుడు కొత్తనా? పోయిన నెల గత్తర రోగం టీకాలని దండోరా ఏయిస్తే మాదిగ గేరి నుంచి ఇద్దరు, కాపుల గేరి నుంచి ఒక్క ముసలాయన వచ్చిండ్రు. అందుకే ఇయ్యాల మాటను జర గట్టిగ కట్టిన:

"ఇనుండ్రహో! జాతరల పిల్లను ఎత్తుకపోయిండ్రు. పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళు ఊర్ల మీద తిరుగుతున్నరు. మీ పిల్లలు పైలం. కొత్త మనిషి కనపడితే చౌకీకి తెలుపుండ్రి హో!"

దండోరా ఏసే మాసయ్యను పిలిపించి మూడుసార్లు చెప్పించిన. ఆయనకు చదువు రాదు గని ఒక్కసారి ఇన్న మాట అక్షరం పోనియ్యడు. పోబోయేముందు ఆగి, "మున్షయ్యా, పిల్ల గుర్తులు చెప్పొద్దా?" అన్నడు.

"పొడుగైతది మాసయ్యా. గింత చాలు."

మాట బాగ కుదిరింది.

షష్ఠి, శుక్రవారం

నిన్న మాపటికి నాలుగూర్లు, ఇయ్యాల మూడూర్లు అయినయి. మాసయ్య చెప్తుంటే ఆడోళ్ళు చేతుల పిండితోనే వాకిట్లకు వచ్చిండ్రట. పొలాల కాడ మడకలు ఆపి ఇన్నరట. గత్తర దండోరాకు, దీనికి ఎంత తేడా!

పెద్దన్న అనేటాయన చౌకీకి వచ్చి, "మంచి పని చేసిండ్రు సాబ్. మనుమండ్లున్నోళ్ళం, ముందుగాల తెలిస్తే జాగర్తగ ఉంటం" అన్నడు. ఏటి ఒడ్డున భూములున్న పెద్ద రైతు. ఆయన చౌకీ గడప తొక్కి మెచ్చుకునుడు ఇదే మొదలు. జమాదారు నా దిక్కు చూసి నవ్విండు.

సప్తమి, శనివారం

ఇంట్ల నా భార్య రాధమ్మ మా బిడ్డ విజయమ్మను వాకిలి దాటనిస్తలేదు. పిల్ల నడుముకు పాత చీర చింపిన పేగు కట్టి ఇంకో కొస తన నడుముకు కట్టుకొని రొట్టెలు చేస్తుంది. "నిజంగనే తిరుగుతున్నరా?" అని అడిగింది.

"జాగర్తగ ఉంటే తప్పేముంది?" అన్న.

అష్టమి, ఆదివారం

మాట ఎట్ల పెరుగుతదో చూస్తుంటే నవ్వొస్తుంది. ఒక్క పిల్ల ఆరుగురు పిల్లలైంది. ఎక్కడనో కొత్త వారధి కడుతున్నరట, దాని కింద బలిచ్చేతందుకు పిల్లలను పట్టుకపోతున్నరట. ఇవన్ని నేను రాయలేదు. నేను రాసింది నాలుగు మాటలు.

బిజినేపల్లి తొవ్వల ఒక గాజులాయనను చెట్టుకు కట్టి కొట్టిండ్రట. పండ్లు రాలినయట. ఆయన ఏం చేసిండో ఏమో. ఊరికెనే కొడుతరా?

నవమి, సోమవారం

చౌకీల పని ఎక్కువుంది. రాసేతందుకు ఏం లేదు.

ఏకాదశి, బుధవారం

నిన్నటిది ఇయ్యాల రాస్తున్న.

నిన్న మా ఊరి అంగడి. పొద్దు నెత్తిమీదికొచ్చిన యాళ్ళకు మిరపకాయల కుప్పల దిక్కు నుంచి కేక ఇనపడ్డది. "దొరికింది! పిల్లల దొంగ దొరికింది!"

జమాదారు బువ్వ ముందు కూసున్నడు. చెయ్యి కడుగలేదు, పగిడీ పెట్టలేదు. ఉరికిండు. ఆయన ఎన్క నేను ఉరికిన. మల్లేశ్ టపా పట్టుకొని పెద్ద ఠాణాకు పోయిండు. ఇద్దరమే ఉన్నం.

పోయి చూస్తే మంది రెండు వందలకు తక్కువ లేరు. నడుమ మట్టి దుబ్బల పడి ఒక ముసలామె. బుట్టలల్లి అమ్ముకునేటామె. బుట్టలన్ని తొక్కి తొక్కి పుల్లలు పుల్లలు చేసిండ్రు. కనుబొమ్మ పగిలి నెత్తురు చెంప మీదికి కారుతుంది. ఆమె చేతులు మొఖానికి అడ్డం పెట్టుకోలేదు. పక్కన ఏడుస్తున్న పిల్లకు అడ్డం పెట్టింది.

పెద్దన్న చేతుల ములుగర్ర ఉంది. ఆయన చెడ్డోడు కాదు. నిన్న మాత్రం ఆయన కండ్లు నేను ఎన్నడు చూడని తీరుగ ఉన్నయి.

"సాబ్! పెద్ద గంప బోర్లించి దాని కింద పిల్లను దాసింది. మా కోడలు గంప లేపితే పిల్ల! 'ఈమె మీ అవ్వనా' అంటే కాదని తల ఊపింది. ఇంకేం సాక్ష్యం కావాలె?"

పిల్ల "అవ్వ, అవ్వ" అని ఏడుస్తనే ఉంది.

జమాదారు లాఠీ ఎత్తలేదు. ఎత్తితే ఆ మంది ముందర అదొక పుల్ల. నడుము పటకా ఇప్పి, దుబ్బల మోకాళ్ళ మీద కూసొని, ముసలామె కుడి చేతిని తన ఎడమ చేతికి కలిపి బిగించి కట్టిండు. లేసి నిలబడి అన్నడు:

"ఇగో, అందరు చూడుండ్రి. ఈమెను నేను పట్టుకున్న. ఇప్పుడీమె నా ఖైదీ. ఈమె మీద పడ్డ దెబ్బ నా మీద పడ్డట్టే. నా మీద పడ్డది సర్కారు మీద పడ్డట్టే. కొట్టేటోడు ముందుకు రా. పేరు చెప్పి కొట్టు."

ఎవరు పేరు చెప్పలేదు గని ఎన్క నుంచి ఒక రాయి వచ్చింది. జమాదారు చెవి కాడ తాకి నెత్తురొచ్చింది. ఆయన చెవి ముట్టుకోలేదు. "కురుమూర్తీ, పిల్లను ఎత్తుకో" అన్నడు.

అప్పటిదాక నేను నిలబడే ఉన్న. పిల్లను ఎత్తుకున్న. నా అంగీ మీద ఉచ్చ పోసింది. అంగడి నుంచి చౌకీకి రెండు వందల అడుగులుంటయేమో. అంత దూరం నేను నా జన్మల నడువలేదు.

లోపలికి పోయి గడియ పెట్టినం. బయట మంది తలుపు గుద్దుతున్నరు. జమాదారు ముసలామె ముందు చెంబుతో నీళ్ళు పెట్టిండు. తాగి చెప్పింది. పేరు బాలమ్మ. బిజినేపల్లి దగ్గరి పల్లె.

"జాతరైన మర్నాడు పొద్దుగాల రేవు కాడ ఏడ్సుకుంట కనపడ్డదయ్యా. బండ్లన్ని ఎళ్ళిపోయినయి. ఏ ఊరు బిడ్డా అంటే అవ్వ అవ్వ అంటది. ముసలిదాన్ని గద, నన్నే పిలుస్తుందనుకున్న. చెయ్యి ఏటి దిక్కు చూపెట్టింది. వీళ్ళోళ్ళు అవతలి ఒడ్డోళ్ళేమోనని దాటించుకొచ్చిన. ముందుగాల పోయిన ఊర్లల్ల మంచిగనే మాట్లాడిండ్రు. మా పిల్ల కాదు, ముందటూరుకు పోయి అడుగు అన్నరు. ఒకామె పాలు పోసింది. శుక్రవారం నుంచి ఏమైందో ఏమో, ఊర్లె కాలు పెట్టనియ్యలే. పిల్లను చూస్తనే రాళ్ళేసిండ్రు. అందుకే గంప కింద కూసోబెట్టిన. ఎవరో పుణ్యాత్ముడు చౌకీకి తీసుకపో అన్నడు. ఈడికే ఒస్తుంటినయ్యా."

ఈడికే ఒస్తుండె.

జమాదారు రాయచూరుల ఆరేండ్లు కొలువు చేసిండు. పిల్లను దగ్గరికి తీసుకొని, "నిన్న హెసరేను, తాయీ?" అని కన్నడంల పేరడిగిండు. పిల్ల ఏడుపు ఆపింది. వారం దినాల నుంచి ఆమెకు తెలిసిన మాట ఎవరి నోట్ల ఇనపడలేదు గద.

"గౌరవ్వ" అన్నది. తర్వాత, "అవ్వ బేకు."

"వాళ్ళ దిక్కు అవ్వ అంటే అమ్మ" అని జమాదారు అన్నడు. "తల్లి కావాలంటుంది."

నేను ఒంగి ఎడమ కాలు చూసిన. దుమ్ముల నల్లదారం. దారానికి గవ్వ.

"కాగితం తియ్యి. బయట నిలబడి పూరా చదువు" అన్నడు జమాదారు.

చదివిన. పేరు, ఊరు దిక్కు, ఎర్ర లంగ, నల్లదారం, గవ్వ, కన్నడం. తప్పిపోయింది అన్న మాట చదివిన. జమాదారు పిల్లను ఎత్తుకొని వచ్చి కాలు చూపెట్టిండు. బాలమ్మ చెప్పిందంతా చెప్పిండు. పెద్దన్న చేతుల ములుగర్ర కింద పడ్డది. ఆయన కోడలు కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది.

అప్పుడు పెద్దన్నే అడిగిండు: "మరి గీ గుర్తులు దండోరాల రాలేదేంది? ఎత్తుకపోయేటోళ్ళు అని గద మేమిన్నది?"

ఎవరో అన్నరు, "మాసయ్యే మింగిండు. తాగొచ్చి చెప్పిండేమో."

మాసయ్య మంది ఎన్క నిలబడ్డడు. నా దిక్కు చూసిండు.

నేను కాగితం మడత పెట్టుకున్న.

ముసలామె బతికింది. పిల్ల బతికింది. ఎవరు చావలేదు. ఈ మాట పదిసార్లు అనుకున్న. నిన్న ఇంటికి పోయి విజయమ్మ నడుముకున్న చీరపేగు నేనే ఇప్పిన.

ద్వాదశి, గురువారం

ఆడమనిషిని చౌకీల ఉంచేతందుకు తావు లేదని బాలమ్మను, గౌరవ్వను మా ఇంటి అరుగు మీద పెట్టినం. తల్లిదండ్రులకు మల్లేశ్‌తో కబురు పంపినం. రాధమ్మ పసుపు కాల్చి బాలమ్మ గాయానికి పెట్టింది. పిల్లలిద్దరు ఒకరి మాట ఒకరికి తెల్వకున్న ఆడుకుంటున్నరు. చూస్తే కడుపు సల్లగైంది.

జమాదారు రిపోర్టు రాయుమన్నడు. రాసిన. "దండోరా వేసిన మాసయ్య గుర్తులు విడిచిపెట్టి, సొంత మాటలు కలిపి చెప్పినందున జనం పొరబడినారు." చదివి వినిపిస్తే జమాదారు కాగితాన్ని తన దిక్కు తిప్పుకున్నడు. తర్వాత దస్కత్ చేసిండు. చెవికి పట్టీ ఉంది.

మాసయ్యను ఊరంతా అప్పటికే అన్నది. నేను కొత్తగ అన్నదేం లేదు. మహా అంటే గదమాయించి ఇడిచిపెడుతరు. నాకైతే కొలువే పోతది. పిల్లదాన్ని ఎట్ల సాదాలె?

మాపటికి బాలమ్మ అడిగింది, "ఆ మాట ఎవరయ్యా పుట్టిచ్చింది?"

"తెల్వదు" అన్న.

ఆమె నా బిడ్డ కోసం ఈతాకుతో బొమ్మ అల్లుతుండె.

శివరాత్రి, శుక్రవారం

వచ్చిండ్రు!

బసప్ప, నీలవ్వ. పిల్ల దొరికేదాక ఊరికి పోమని జాతర మైదానంలనే పదిదినాల నుంచి పండుకున్నరట. కబురందంగనే నడుచుకుంట వచ్చిండ్రు. బసప్ప కాళ్ళు పుండ్లు పడ్డయి. నీలవ్వ మా వాకిలి కాడికి వచ్చి ఆగిపోయింది. లోపలికి రాదు. రాధమ్మ రమ్మంటున్నా రాదు. అరుగు మీద ఎర్ర లంగ కనపడుతుంది, అయినా అడుగు పడుతలేదు. ఈ పదిదినాలు ఎర్ర లంగ కనపడ్డ కాడికల్ల ఉరికి మోసపోయినట్టుంది పాపం.

గౌరవ్వే చూసింది. చేతులున్న బొమ్మ పడేసి ఉరికింది.

ఆ తల్లి ఏడ్చిన ఏడుపు రాయరాదు. వాకిట్ల దుబ్బల కూలబడి పిల్లను వాసన చూసింది. కాలి గవ్వ ముట్టుకున్నది. ఊరు ఊరంతా గోడలెక్కి చూసింది. ఉపాసమున్నోళ్ళంత కండ్లు తుడుచుకున్నరు.

బాలమ్మ లేసి ఇంటి ఎన్కకు పోబోయింది. ఎవరన్న ఉరికి వస్తే ఆమెకు ఇంక భయమే. నీలవ్వ చూసి, ఎదురుపోయి, పిల్లను తెచ్చి మల్ల ఆమె ఒళ్ళెనే కూసోబెట్టింది. కన్నడంల ఏదో అన్నది. జమాదారును అడిగితే చెప్పిండు.

"నువ్వు ఏ బువ్వ పెట్టినవో చెప్పు, ఇంటికాడ అదే పెడుత అంటుంది."

పెద్దన్న కోడలు బాలమ్మకు కొత్త చీర తెచ్చింది. బాలమ్మ తీసుకున్నది గని ఆమె మొఖం దిక్కు చూడలేదు.

ఇయ్యాల జాగారం. ఇండ్లల్ల భజనలు షురూ అయినయి. ఊరంతా సంతోషమే. నాది కూడ సంతోషమే. సగం.

అమావాస్య, శనివారం

పొద్దుగాల మాసయ్య చౌకీకి వచ్చిండు. దండోరా ఏసే దప్పు తెచ్చి అరుగు మీద పెట్టిండు.

"వచ్చే శుక్రారం పెద్ద ఠాణాకు రమ్మన్నరట అయ్యా. పని తీసేస్తరంటున్నరు. మా అయ్య, మా తాత చేసిన పని. దానికింద ఇచ్చిన ఎకరం చెలక కూడ పోతదట. ఎట్లైన పోయేదే గద, దప్పు ఈడనే పెడుతున్న."

ఎనుతిరిగి పోయిండు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండు.

దప్పు దిక్కు చూస్తు కూసున్న. జమాదారు నమాజు చేసుకుంటుండు. ఆయన చెవికున్న పట్టీ మారుస్త అని నిన్న నేనే చెప్పిన, మారువలేదు. గాజులాయన పండ్లు యాదికొచ్చినయి. ఆయన ఏం చేసిండో ఏమో అని రాసుకున్న గద నేను. గాజులమ్ముకునేటోడు, ఇంకేం చేస్తడు?

లేసి ఉరికిన. మాసయ్య వాగు దిగుతుండు. "మాసయ్యా, ఆగు" అన్న. ఆగిండు.

"ఆ మాట నాది."

"నాకు తెల్వదా అయ్యా?" అన్నడు. కోపం లేదు. "నువ్వే గద మూడుసార్లు చెప్పిచ్చినవ్. గుర్తులు చెప్పొద్దా అని కూడ అడిగితి."

"మరి నా పేరు ఎందుకు చెప్పలే?"

"ఎవరింటరు? నువ్వు కాగితం మనిషివి. నేను దప్పు మనిషిని. అయినా నాలుగు దినాలు చూసిన. నువ్వే చెప్తవేమోనని."

చెయ్యి పట్టుకొని తీసుకొచ్చిన. మాసయ్య చెయ్యి పట్టుకొని ఊరి నడుమ నుంచి నడుచుడు నాకు ఇదే మొదలు. చూసినోళ్ళు చూసిండ్రు.

జమాదారు చాప చుడుతుండు. నిలబడి అంతా చెప్పిన. కాగితంల ఏముంది, నేను ఏం కట్టిన, ఎందుకు కట్టిన, రిపోర్టుల ఏం రాసిన. చెప్పుకుంట పోతే ఆగలేదు. ఏడ్చిన కూడ.

ఆయన కోపం చేస్తడనుకున్న. తన చేతి దిక్కు చూసుకున్నడు.

"నాకు రాసుడు ఈ దస్కత్ ఒక్కటే వచ్చు బేటా. ముప్పై ఏండ్లల్ల అబద్ధం కింద పెట్టలేదు. నిన్ను నమ్మి పెట్టిన."

చాప మూలకు పెట్టి మల్ల అన్నడు:

"రేపు నిజంగనే దొంగలొస్తరు. ఏరు పొంగుతది. గత్తర వస్తది. మాసయ్య దప్పు కొడితే ఎవడన్న ఇంటడా ఇంక? అది చెప్పు నాకు."

తర్వాత అన్నడు, "కూసో. మల్ల రాయి. ఈసారి ఉన్నది ఉన్నట్టు. రాసినంక మాసయ్యకు చదివి వినిపించు. ఆయన ఔనంటేనే దస్కత్ చేస్త."

రాసిన. వినిపించిన. మాసయ్య ఒక్క కాడ ఆపిండు. "నేను తాగొచ్చిన్నని అన్నరు గద. తాగలే అని కూడ రాయి అయ్యా." రాసిన.

ఇంటికొచ్చి బాలమ్మకు కూడ చెప్పిన. ఆమె చేతుల అల్లిక ఆపలేదు. "ఇంత బువ్వ పెట్టినోడివి, నువ్వేనా?" అన్నది. రాధమ్మ మాత్రం, "మొన్న ఇది రాసుకుంట పైకి చదివినవ్. నేనిన్న. నువ్వెప్పుడు చెప్తవా అని నేను కూడ చూస్తున్న" అన్నది.

అందరికి తెలుసు. నాకే ఆలస్యంగ తెలిసింది.

నాలుగు దినాల తర్వాత ఇయ్యాల కడుపునిండ తిన్న.

ఫాల్గుణ శుద్ధ విదియ, సోమవారం

మల్లేశ్ కొత్త రిపోర్టు పట్టుకొని నిన్ననే పోయిండు. జవాబు లేదు. కొలువు పోతే బాలమ్మ కాడ బుట్టలల్లుడు నేర్చుకుంట అంటే రాధమ్మ నవ్వింది. "నీ చేతికి అల్లిక రాదు, అతుకులే వస్తయి" అన్నది.

చవితి, బుధవారం

జవాబొచ్చింది.

మాసయ్య మీద తప్పు లేదు, పిలుపు రద్దు. పని ఆయనదే. నా పేరు మీద తప్పు రాసిండ్రు, రెండేండ్లు తరక్కీ లేదు, జీతం పెరుగదు. కొలువు పోలేదు! జమాదారు చేసిన పనికి శాబాష్ అని రాసిండ్రు. అది చదువుతుంటే ఆయన చెవి పట్టీ గీక్కుంట ఎటో చూసిండు. గాజులాయనను దవాఖానలో చూపెట్టినట్టు, బతికున్నట్టు కూడ రాసిండ్రు. కట్టి కొట్టినోళ్ళను పిలిచిండ్రట.

చివరి మాట: ఏడూర్లకు మున్షీ సొంతంగ పోయి, మాసయ్య పక్కన నిలబడి, తన నోటితో జరిగింది చెప్పాలె.

మాసయ్యకు దప్పు ఇచ్చిన. తీసుకపోయి మంట కాడ కాచి, వేలితో కొట్టి చూసి, "నాలుగు దినాలకే మెత్తబడ్డది" అన్నడు.

పంచమి, గురువారం

బాలమ్మ ఊరికి పోయింది. పోయేముందు అన్నది, "నేను దొంగను కాదని ఒక కాగితం రాసియ్యి. తొవ్వల ఎవరన్న ఆపితే చూపిస్త."

రాసిన. జమాదారు దస్కత్ చేసి మొహరు కొట్టిండు.

"చదువు" అన్నది. చదివిన. "ఇంకోసారి చదువు." చదివిన. రెండుసార్లు ఒక్క తీరుగనే ఉందా లేదా అని చూసుకొని, కాగితం మడిచి కొంగున ముడేసుకున్నది. నా మీద ఆమెకున్న నమ్మకం ఇప్పటికి గంతే. గంతైనా ఉన్నది.

మల్లేశ్‌ను ఊరుదాక తోడు పంపినం. ఊరి బయట పెద్దన్న ఎదురొచ్చి, ఆమె గంప తన నెత్తిన పెట్టుకొని వాగుదాక మోసిండు. ఇద్దరు మాట్లాడుకున్నట్టు లేదు.

షష్ఠి, శుక్రవారం

ఇయ్యాల దండోరా. పొద్దుగాల మొదటూరు. మాసయ్య దప్పు కొట్టిండు. మంది వచ్చిండ్రు గని దూరంగ నిలబడ్డరు, పిల్లలను కాళ్ళ సందుల పెట్టుకొని. పోయినసారి ఈ దప్పే గద వాళ్ళను భయపెట్టింది.

రాత్రంతా మాటలు కూర్చుకున్న. నిలబడి మొదలు పెట్టిన. "అయ్యలారా, అమ్మలారా, నేను గుండ్లరేవు మున్షీ కురుమూర్తిని. పోయిన దండోరాల తప్పు మాట కట్టింది నేను. మాసయ్యది తప్పు లేదు. ఎత్తుకపోయేటోళ్ళు ఎవరు లేరు. కాగితంల లేని మాట నేను కలిపిన. ఉన్న మాట ఇడిచిపెట్టిన. బాలమ్మ అనే ముసలామెకు, ఒక గాజులాయనకు నా మూలంగ దెబ్బలు తాకినయి..." తల ఒంచుకున్న. రాళ్ళు వస్తయేమో అనుకున్న.

ముందు వరుసల ఒక అవ్వ కట్టె ఊతంగ నిలబడి ఇంటుండె. అన్నది:

"గిదంతా బాగనే ఉంది కొడుకా. మరి పిల్ల దొరికిందా?"

అసలు సంగతి చెప్పనే లేదు! ఇన్ని దినాలు నా తప్పు, నా కొలువు, నా ఏడుపు. ఈసారి కూడ గుర్తులన్ని ఇడిచిపెట్టి నా మాటే చెప్పిన.

మాసయ్య నా దిక్కు చూసిండు. మీసం కింద నవ్వు ఆగలేదు. దప్పు మీద రెండు దెబ్బలేసి, మునికాళ్ళ మీద లేసి, ఊరి ఆ కొసకు ఇనపడేటట్టు కేకేసిండు:

"ఇనుండ్రహో! పిల్ల దొరికింది! తల్లి ఒళ్ళె కూసున్నది హో!"

మందిల ఒక్కసారి గాలి మారింది. ఎవరో నవ్విండ్రు. ఎవరో చేతులు జోడించి జములమ్మ తల్లీ అన్నరు. కాళ్ళ సందులున్న పిల్లలు ఒక్కొక్కరే బయటికొచ్చి దప్పు చుట్టు మూగిండ్రు. ఒక తల్లి కూడ ఎన్కకు గుంజలేదు.

మిగిలిన ఆరూర్లల్ల ముందుగాల అదే చెప్పినం. పిల్ల పేరు, కాలి గవ్వ, తల్లి పదిదినాలు మైదానంల పండుకున్నది, బుట్టలల్లే బాలమ్మ కాపాడి తెచ్చింది, అన్నీ మాసయ్య నోటనే. ఆ తర్వాత నేను లేసి నా తప్పు చెప్పుకున్న. అప్పటికి సగం మంది లేసి పోతుండిరి. "పిల్ల దొరికిందంట, దొరికిందంట" అని ఒకరికొకరు చెప్పుకుంట ఇండ్లకు పోయిండ్రు.